చదవకుండా దాటేసిన చోటు

మా ఇంట్లో వేసవి మధ్యాహ్నాలు ఏళ్ల తరబడి ఒకే తీరుగా గడిచాయి. భోజనాలయ్యాక నేను ముందు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చునేదాన్ని. మా ఆయన కిటికీ పక్కన పడక్కుర్చీలో కూర్చుని పుస్తకం చదివి వినిపించేవారు. పెళ్లిళ్లన్నీ ఆ రోజుల్లోనే కాబట్టి నాకు పని కూడా అప్పుడే ఎక్కువ. జాకెట్లు, చీరలకు ఫాల్సు, ఆడపిల్లల లంగాలు. రాజమండ్రిలో మా వీధి ఆడవాళ్లలో సగంమంది కొలతలు నాకు నోటికొచ్చు. చదువు మాత్రం ఏడో తరగతితో ఆగింది. తెలుగు బాగానే చదువుతాను. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను గానీ వాటిని కలిపి మాట చెయ్యలేను. ఆయన కాలువల ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు, రెండు భాషలూ వచ్చు. పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే, ఒకరు కుట్టడానికి, ఒకరు చదవడానికి.

చదివేటప్పుడు ఆయన ఒక మోసం చేసేవారు. కథలో ఎవరో చచ్చిపోయే చోటో, తల్లీబిడ్డా విడిపోయే చోటో వస్తే ఆ భాగం మొత్తం దాటేసి తర్వాతి పేరా అందుకునేవారు. నాకు ఏడుపు తొందరగా వస్తుంది. ఒకసారి అలాగే ముక్కు చీదుకుంటూ కుట్టి, పక్కింటావిడ పట్టుజాకెట్టుకు కుడిచెయ్యి ఎడమవైపు తగిలించాను. ఆవిడ నెలరోజులు నాతో మాట్లాడలేదు. అప్పటినుంచీ ఈ ఏర్పాటు. దాటేసిన భాగానికి ముందొకటి, వెనకొకటి పెన్సిలుతో చిన్న బ్రాకెట్లు పెట్టేవారు.

"అక్కడ కొంచెం వదిలేశాను. చేతిలో పనిలేనప్పుడు నువ్వే చదువుకో" అనేవారు.

సాయంత్రం పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఆ బ్రాకెట్లు వెతుక్కుని, మధ్యలో ఉన్నది చదువుకుని, తీరిగ్గా ఏడ్చేదాన్ని. పుస్తకం లైబ్రరీకి తిరిగిచ్చే ముందు ఆయన కళ్లజోడు పెట్టుకుని రబ్బరుతో గుర్తులన్నీ చెరిపేసేవారు. ఆ పని ఎంత శ్రద్ధగా చేసేవారంటే, చూస్తే నవ్వొచ్చేది.

పెరడు నాది. తోటకూర, బచ్చలి, టమాటా, గోడ వారన మల్లెపొదలు. ఒక్క కొబ్బరిచెట్టు మాత్రం ఆయనది. కోనసీమలో వాళ్ల ఊరి నుంచి మొక్క తెచ్చి తనే నాటారు. గంగాబొండం, పొట్టి రకం. నేల మీద నిలబడే గెల అందుకోవచ్చు. బియ్యం కడిగిన నీళ్లు దానికి తప్ప ఇంకే మొక్కకు పోసినా ఊరుకునేవారు కాదు. "నీ బచ్చలికేం, వద్దన్నా పెరుగుతుంది" అని నన్ను ఆటపట్టించేవారు.

కిందటేడు ఎండలు ముదిరాక ఆయన కిడ్నీలు రెండూ పాడయ్యాయన్నారు ఆసుపత్రిలో. వారానికి మూడుసార్లు డయాలసిస్ చెయ్యాలన్నారు. అన్నిటికన్నా కష్టమైన మాట చివర్న చెప్పారు. మందుతో, మజ్జిగతో, కాఫీతో కలిపి రోజుకు ముప్పావు లీటరు మించి ఏదీ తాగకూడదు. మే నెల, రాజమండ్రి ఎండ, ముప్పావు లీటరు. 

ఏం తినాలో ఏం తినకూడదో రాసి ఉన్న కాగితం ఒకటి ఆసుపత్రిలో ఇచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది. ఆ మధ్యాహ్నం నేను మిషను దగ్గర కూర్చుంటే ఆయన కుర్చీలో కూర్చుని కథ చదివినట్టే దాన్నీ తెలుగు చేసి చదివారు. ఉప్పు తగ్గించాలి. ఊరగాయలు వద్దు. అరటిపండు, సపోటా, మామిడిపండు వద్దు. తోటకూర, పాలకూర, బచ్చలి వద్దు. టమాటా వద్దు. ఒక్కొక్కటీ విని నేను ఊఁ కొట్టాను.

"మరి బొండాం నీళ్లో?" అని అడిగాను.

ఆయన కాగితంలోకి చూశారు. "దాని ఊసేం లేదు" అన్నారు.

"బతికించారు" అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను.

మర్నాడు పొద్దున్నే పెరట్లో తోటకూర మడి పీకేశాను. బచ్చలి తీగ పందిరితో సహా లాగేశాను. టమాటా మొక్కలకు కాయలు నిండుగా ఉన్నాయి, వాటినీ వదల్లేదు. కళ్లెదుట ఉంటే ఎప్పుడో ఒకరోజు మర్చిపోయి కూరలో వేస్తానని నా భయం. ఆవకాయ జాడీ పక్కింటావిడకు ఇచ్చేశాను. ఉత్త మట్టి మిగిలిన పెరట్లో మల్లెపొదలూ, ఆయన కొబ్బరిచెట్టూ మాత్రం నిలబడ్డాయి.

ముప్పావు లీటరు సీసాలో పొద్దున్నే కొలిచి పోసేదాన్ని. మధ్యాహ్నానికి సగం అయిపోయేది. ఆయన అడిగేవారు కాదు. పెదవులు తడుపుకుంటూ సీసా వైపు చూసి, మళ్లీ పుస్తకంలోకి చూసేవారు. చదవడం కూడా తగ్గింది. నాలుగు పేజీలకే నోరు పిడచకట్టుకుపోయి ఆపేసేవారు. నేను ఐసుముక్క గుడ్డలో చుట్టి ఇస్తే చప్పరించేవారు. సాయంత్రం ఎండ తగ్గాక మాత్రం పైపు పట్టుకుని మొక్కలకు నీళ్లు పెట్టడం మానలేదు. ఒకరోజు కిటికీలోంచి చూశాను. పైపులోంచి నీళ్లు చెట్టు మొదట్లో పడుతుంటే ఆయన కదలకుండా వాటినే చూస్తూ నిలబడ్డారు. పాది నిండి పొర్లిపోతున్నా పట్టించుకోలేదు. నేను లోపలికొచ్చి జాకెట్టుకు హుక్కులు కుట్టుకున్నాను. ఆ పూట ఆయన మొహం చూడలేకపోయాను.

ఆ రాత్రి పడుకున్నాక నాకో ఉపాయం తట్టింది. కొలిచిన నీళ్లలోనే ఒక గ్లాసు తగ్గించి, ఆ గ్లాసుకు బదులు బొండాం నీళ్లిస్తే? లెక్క లెక్కలాగే ఉంటుంది, కాస్త బలమూ పడుతుంది. మా వైపు ఎవరికీ ఇంకో ఆలోచన రాదు. జ్వరమొస్తే బొండాం, వాంతులైతే బొండాం, వడదెబ్బ తగిలితే బొండాం. ఆసుపత్రిలో మనిషిని చూడ్డానికి వెళ్లినా చేతిలో రెండు బొండాలే. పైగా కాగితంలో లేదని ఆయనే చెప్పారు కదా.

మర్నాడు మూడు గంటలకు గెల నుంచి ఒకటి కోసి, నీళ్లు గ్లాసులో పోసి ఇచ్చాను. ఆయన గ్లాసు వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు.

"వద్దులేవే" అన్నారు.

"లెక్కలోదేనండి. పొద్దున్నే ఒక గ్లాసు తగ్గించాను" అన్నాను.

 రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో గుక్కా నోట్లో ఉంచుకుని తాగారు. ఖాళీ గ్లాసు చాలాసేపు ఒళ్లోనే పెట్టుకున్నారు. ఆ పూట ఇరవై పేజీలు చదివారు. గొంతు కూడా గట్టిగా వచ్చింది. నేను ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అలా మూడు వారాలు. రోజూ మూడింటికి గ్లాసు, ఆ తర్వాత పుస్తకం. మొదటిరోజు తర్వాత ఆయన వద్దనలేదు. మూడు కాకముందే గడియారం వైపు చూడటం నేను గమనించాను. మధ్యలో ఒకసారి డయాలసిస్ నుంచి వచ్చి, "రక్తంలో ఏదో ఎక్కువైందట. కూరలు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబొయ్యమన్నారు" అన్నారు. అలాగే చేశాను. దొండకాయల్నీ బీరకాయల్నీ ఉడికించి, నీళ్లు వార్చి, సారం లేని పిప్పి వండిపెట్టాను. అంత జాగ్రత్తగా వండి, మూడింటికి నా చేత్తో ఆ గ్లాసు ఇచ్చాను.

ఒక సోమవారం పొద్దున కాళ్లు బరువుగా ఉన్నాయన్నారు. ఆదివారం డయాలసిస్ ఉండదు, శుక్రవారం తర్వాత మళ్లీ ఆ రోజే. ఎండకు నీరసమేమో అనుకున్నాను. ఆసుపత్రికి వెళ్లేముందే చెట్టుకు నీళ్లు పెట్టేస్తానని వెళ్లారు. కాసేపటికి పెరట్లో పైపు కిందపడిన చప్పుడైంది. వెళ్లేసరికి చెట్టు మొదట్లో కూలబడి ఉన్నారు. లేపబోతే కాళ్లు నిలవలేదు. చేతిలో చెయ్యి పెడితే పట్టుకోలేకపోయారు. ఎదురింటాయన ఆటో పిలిచాడు. దారంతా మా ఆయన నా భుజం మీద తల వాల్చి కళ్లు తెరిచే ఉన్నారు.

ఆసుపత్రిలో గుండెకు తీగలు తగిలించాక డాక్టరు బయటికొచ్చి నన్నడిగాడు.

"నిన్న ఏం తిన్నారమ్మా? పళ్లేమైనా?"

"పళ్లా! ముట్టనివ్వనండి. ఉడకబెట్టిన బీరకాయ, అన్నం. మధ్యాహ్నం బొండాం నీళ్లు, అంతేనండి."

డాక్టరు నా మొహంలోకి చూశాడు. "కొబ్బరినీళ్లు ఎవరిచ్చారు?"

"నేనేనండి."

"రోజూనా?"

తలాడించాను. ఆ నీళ్లలో పొటాషియం ఉంటుందనీ, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవనీ, అది గుండెను ఆపేస్తుందనీ మెల్లగా చెప్పాడు. కసరలేదు. కసిరినా బాగుండేది.

"కాగితంలో అది లేదండి" అన్నాను.

"ఉంటుందమ్మా. అందరికీ ఇచ్చేది అదే కాగితం" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం రెండున్నరకు మా ఆయన పోయారు. మూడింటికి నేను ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాను.

పన్నెండు రోజులూ ఇంటినిండా జనం. కోనసీమ నుంచి వచ్చిన మా ఆడపడుచు మొదట నాలుగు రోజులు నన్ను పట్టుకుని ఏడ్చింది. డాక్టరు అన్న మాట ఎలా తెలిసిందో, అయిదో రోజున వంటింట్లో నాకు వినబడేలాగే, "మా అన్నయ్యకు చేతులారా పోసింది" అంది.  నా మనసు అప్పటికే రోజుకు వందసార్లు అదే మాట అంటోంది. ఆయన చదవడంలో పొరపాటు పడ్డారేమో, ఆ లైను కంటికి ఆనలేదేమో అని ఆ కాగితం కోసం ఇల్లంతా వెతికాను. దొరకలేదు. దొరికితే మాత్రం చదవగలనా ఏంటి.

తర్వాత ఏడాదిపాటు మిషను మీద గుడ్డ తియ్యలేదు. పెరట్లో విత్తనం వెయ్యలేదు. చెట్టుకు మాత్రం గెల మీద గెల వచ్చింది. కొయ్యలేదు, కోసుకుపోతామన్నవాళ్లను కొయ్యనివ్వలేదు. ముదిరి, ఎండి, ఒక్కొక్కటే దబ్బున పడేవి. పడినప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని.

సంవత్సరీకం అయిపోయాక లైబ్రరీ ఆయన గుమ్మంలోకొచ్చి మొహమాటపడుతూ, "సారు తీసుకున్న పుస్తకం ఒకటి ఉండిపోయిందండి" అన్నాడు. ఎక్కడుందో నాకు తెలుసు. మేం సగంలో ఆపిన నవల, మిషను పక్కన గుడ్డముక్కల సంచిలోనే ఉంది. ఆయన ఎప్పుడూ అక్కడే పెట్టేవారు. కాగితం కోసం ఇల్లంతా వెతికినప్పుడు కూడా, ఆ పుస్తకం చూడలేక సంచి జోలికి మాత్రం పోలేదు. రేపు తెచ్చిస్తానని పంపేశాను.

పుస్తకం తియ్యగానే మధ్యలోంచి మడతపెట్టిన కాగితం జారి పడింది. చదివిన చోటు గుర్తుకు దాన్నే పెట్టుకున్నారు.

అదే సమయానికి వెనకవీధి అమ్మాయి జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతోంది. "ఆంటీ, మళ్లీ కుడుతున్నారా? అమ్మ అడిగి రమ్మంది" అంది.  కాగితం చేతికిచ్చి, "ముందు ఇది కాస్త తెలుగులో చెప్పమ్మా" అన్నాను.

ఆ పిల్ల నిలబడే చదివింది. ఉప్పు. ఊరగాయలు. అరటిపండు, సపోటా, మామిడి. ఆయన చదివిన వరసే. నాకు ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. మామిడిపండు తర్వాత ఆ పిల్ల ఆగింది.

"ఇక్కడ ఒక లైనుకి అటూ ఇటూ ఎవరో పెన్సిలుతో బ్రాకెట్లు పెట్టారాంటీ."

"చదువు" అన్నాను.

"కొబ్బరినీళ్లు అస్సలు తాగకూడదు అని."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆయన కుర్చీలోనే.

పొరపాటు కాదన్నమాట. చూసే దాటేశారు. ఎక్కడెక్కడ నేను తట్టుకోలేననుకున్నారో అక్కడ పెట్టే గుర్తే ఇక్కడా పెట్టారు. ఉన్నవన్నీ వద్దంటుంటే ఆ ఒక్కటీ నాకు చెప్పలేకపోయారేమో. ఆ ఒక్కటైనా తనకు మిగలాలనుకున్నారేమో. చావాలని మాత్రం కాదు. పోయే ముందురోజు, ఆదివారం మధ్యాహ్నమే, ఈ నవల రెండో భాగం కూడా లైబ్రరీలో ఉందట, తెచ్చుకుందాం అన్న మనిషి చావు కోరుకోడు. దాహం, అంతే. ఏడాదిగా మోస్తున్న బరువు అప్పుడు దిగాలి కదా. దిగలేదు. దాని మీద కోపం కూడా వచ్చి కూర్చుంది. తెలిసి తెలిసి రోజూ మూడింటికి నా చేతిలోంచి ఆ గ్లాసు ఎలా అందుకున్నారు? తర్వాత నేనేమవుతానని ఒక్క గుక్క దగ్గరైనా తోచలేదా? నాకు ఇంగ్లీషు రాదని ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లెవరు?

"ఏమైందాంటీ?" అంది ఆ పిల్ల.

"ఏం లేదు. ఆ లైను ఇంకోసారి చదువు. తెలుగులో కాదు, ఉన్నది ఉన్నట్టు. వేలు పెట్టి చూపిస్తూ చదువు."

చదివింది. మళ్లీ చదివించాను. నేనూ వేలు పెట్టి ఒక్కో అక్షరం మీంచీ కదిపాను. తర్వాత లేచి మిషను మీద గుడ్డ తీసి, టేపు పట్టుకుని ఆ పిల్ల కొలతలు తీసుకున్నాను. భుజం కొలత రెండుసార్లు తియ్యాల్సి వచ్చింది.

పుస్తకంలో ఆయన పెట్టిన గుర్తులన్నీ ఆ సాయంత్రం నేనే రబ్బరుతో చెరిపి, మర్నాడు లైబ్రరీలో ఇచ్చేశాను. కాగితం మీదివి చెరపలేదు. అది మిషను సొరుగులో ఉంది. బ్రాకెట్ల మధ్య ఉన్న లైను ఇప్పుడు నేను చదవగలను. ఇంగ్లీషులో నాకు చదవడం వచ్చింది ఆ ఒక్కటే.