సముద్రం ఏ కిటికీకి

"...మూడు దాటితే ఎండ సూటిగా నా కళ్ళల్లో కొడుతుంది, దక్షిణానికి పోతే. నీకేం, నీ చేతిలో కాఫీ కప్పు తప్ప ఇంకేం ఉండదు."

"మూడింటికల్లా బండి నిలిపేసి ఉంటాం లోవెల్. రోజుకి అరవై మైళ్ళు చాలన్నావు. నువ్వే అన్నావు, ఇదే కుర్చీలో కూచుని."

"అప్పుడు ఎండ సంగతి ఆలోచించలేదు."

"డెబ్భై ఒక్క ఏళ్ళుగా ఎండలో తిరుగుతున్నావు. ఈ రెండు వారాల్లోనే తెలిసొచ్చిందా?"

వంటింటి బల్ల మీద ఒరెగాన్ తీరం పటం పరిచి ఉంది. ఎగిరిపోకుండా ఒక మూల జామ్ సీసా, ఇంకో మూల లోవెల్ మోచెయ్యి. ఉప్పు డబ్బాని బండి అనుకుని అతని భార్య వెర్నా దాన్ని పైన, ఉత్తర కొసన ఉన్న ఆస్టోరియా దగ్గర పెట్టి కింద, దక్షిణ కొసన ఉన్న బ్రూకింగ్స్ దాకా తోస్తుంది. లోవెల్ దాన్నెత్తి బ్రూకింగ్స్‌లో పెట్టి పైకి తోస్తాడు. ఆ బుధవారం పొద్దున ఉప్పు డబ్బా అలా నాలుగుసార్లు తీరం తిరిగింది. పటం నిండా ఉప్పు రాలింది.

వాళ్ళుండే రోజ్‌బర్గ్ సముద్రానికి దూరంగా, కొండల వెనక ఉంటుంది. ఏ కొసనుంచి మొదలుపెట్టాలన్నా ఆ కొసకి చేరడానికే ఒక రోజు పడుతుంది. కాబట్టి దూరం గురించి తగువు లేదు. తగువల్లా కిటికీ గురించి. సముద్రం ఎప్పుడూ పడమరే. దక్షిణానికి వస్తే అది కుడి చేతి పక్క, అంచుకు ఆనుకుని ఉంటుంది. స్టీరింగు ఎడమ వైపు కదా, కుడి కుర్చీలో ఊరికే కూచున్నవాళ్ళకి కిటికీ నిండా నీళ్ళే. ఆ కుర్చీ తనదని వెర్నాకి మాట ఉంది.

మాట ఇచ్చింది లోవెలే. వెర్నా హాగెన్ ఇరవై ఏడేళ్ళు స్కూలు బస్సు నడిపింది. నది పక్క దారిలో పొద్దున యాభై మంది పిల్లల్ని ఎక్కించుకోవడం, సాయంత్రం దింపడం. వెనక్కి తిరగకుండా, నెత్తి మీది అద్దంలో చూసి, నారింజ తొక్క విసిరిందెవరో పేరుతో సహా చెప్పేది. ఆ ఇరవై ఏడేళ్ళలో ఆ నది ఏ రంగులో ఉంటుందో ఆమె సరిగా చూడలేదు. రిటైరైన రోజు బస్సు పక్కన తెరుచుకునే ఎర్ర స్టాప్ బోర్డు ఒకటి ఊడదీసి, కర్రకి బిగించి, పువ్వుల గుత్తితో పాటు చేతిలో పెట్టారు. అక్కడే, కేకు తింటూ, ఇక కారు కంటే పెద్దదాని స్టీరింగు చచ్చినా ముట్టనని ప్రకటించింది. "ముట్టొద్దులే. నేను నడుపుతాను, నువ్వు సముద్రం చూడు," అన్నాడు లోవెల్. ముప్పై రెండేళ్ళు దుంగల లారీ నడిపిన మనిషి. అన్న ఏడాదే ముప్పై ఆరడుగుల మోటార్ హోమ్, లోపలే పడకా వంటిల్లూ ఉండే బండి, ఒకటి పాతది కొన్నాడు. దానికి అత్తగారి పేరు పెట్టాడు, ఎడ్నా అని. వెనక భాగం వెడల్పు, దాహం ఎక్కువ, మలుపుల్లో మాట వినదు అని కారణాలు చెప్పాడు. వెర్నా రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే వెళ్ళి ఎడ్నాకి పూల కర్టెన్లు కుట్టి తగిలించింది.

ఇంతవరకూ కొండల్లోని చెరువులకీ, కొడుకు ఇంటికీ తిరిగారు. తీరం మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. ఈ సెప్టెంబరులో ఖాయమనుకున్నారు. తీరం పార్కుల్లో రాత్రికి బండి నిలుపుకునే చోటు ఆరు నెలల ముందు, పొద్దున ఆరింటికి, కంప్యూటరులో ఇస్తారు. ఎడ్నా లాంటి పొడుగాటి బండి పట్టే చోట్లు ఒక్కో పార్కులో నాలుగో ఐదో, అవి పావుగంట నిలవవు. మొదటి రాత్రి చోటు ఇచ్చేది ఈ శనివారం. ఏ కొసలో మొదటి రాత్రో శనివారం ఆరింటికల్లా తేలాలి.

"సరే, ఎండ పోనీ," అన్నాడు లోవెల్. "గాలి మాటేమిటి? ఎదురుగాలి అయితే ఎడ్నా ఎంత తాగుతుందో తెలుసా?"

"సెప్టెంబరులో గాలి ఉత్తరం నుంచి కదా వీస్తుంది. దక్షిణానికి పోతే వెన్ను తట్టి తోస్తుంది. సైకిళ్ళ వాళ్ళంతా అటే ఎందుకు పోతారు మరి?"

లోవెల్ ఉప్పు డబ్బా మూత బిగించాడు. బిగిసే ఉన్న మూతనే మళ్ళీ బిగించాడు.

"డెల్బర్ట్ కూడా ఉత్తరానికి పోవడమే మంచిదన్నాడు."

"డెల్బర్ట్ సముద్రం చూసి పదేళ్ళయింది. అదీ చేపల కొట్టు గోడ మీది బొమ్మలో."

ఏటా మార్చిలో ఎడ్నాని ఎగ్జిబిషన్ మైదానానికి తీసుకెళ్ళి ఒక పూట సాధన చేయించడం లోవెల్ పద్ధతి. రోడ్డు పనుల దగ్గర పెట్టే నారింజరంగు ప్లాస్టిక్ కోన్లు వరసగా పెట్టి, వాటి మధ్యకి వెనక్కి తోలడం. వెర్నా వెనక నిలబడి చేతులూపాలి. ఈ పనిలో ఎన్నో కాపురాలు కుదుపులు తిన్నాయని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే డెల్బర్ట్ మడత కుర్చీ, ఫ్లాస్కు తెచ్చుకుని ముందు వరసలో కూచుంటాడు. అతనూ లోవెలూ ఒకే కంపెనీ లారీల్లో దుంగలు మోసినవాళ్ళు.

గురువారం వెర్నా గారేజీ గోడ మీది స్టాప్ బోర్డు తీసుకుని మైదానానికి వచ్చింది. చేతులూపితే కనబడటం లేదని పోయినసారి లోవెల్ గొణిగాడు. బోర్డు కనబడకపోవడం ఉండదు కదా.

ఎడమ వరసలోకి ఎడ్నా వెన్నలో కత్తిలా దిగింది. డెల్బర్ట్ చప్పట్లు కొట్టాడు. కుడి వరసలో మొదటి కోను చక్రం కిందికి పోయింది. రెండోదీ పోయింది.

"ఎడ్నాకి ఆ పక్క ఆకలి ఎక్కువున్నట్టుందే!" అని అరిచాడు డెల్బర్ట్.

"నీ నోరు కూడా అటు పెట్టు, తింటుంది!" అన్నాడు లోవెల్ కిటికీలోంచి.

వెర్నా నలిగిన కోను చేతిలోకి తీసుకుంది. కుడి వైపు అద్దం మీద ఉన్న గీత వైపు చూసింది. అది డిసెంబరులో పడింది, ఎవరో పోస్టుడబ్బాని రోడ్డు మీదికి జరిపారని లోవెల్ చెప్పాడు. ఆమె వెనక నిలబడటం మానేసి, బండి ముందుకి, కుడి పక్కకి నడిచింది. లోవెల్ నెమ్మదిగా ముందుకి పోనిస్తున్నాడు. కుడి కిటికీకి సరిగ్గా ఎదురుగా నిలబడి స్టాప్ బోర్డు ఎత్తింది.

ఎడ్నా ఆగలేదు. బోర్డు పక్కనుంచే పోయింది.

అతను మళ్ళీ చుట్టు తిరిగి వచ్చాడు. వెర్నా మళ్ళీ ఎత్తింది. ఈసారి నాలుక కూడా బయట పెట్టింది. పోయింది. మూడోసారి బోర్డు చంకలో పెట్టుకుని, నలిగిన కోను నెత్తిన పెట్టుకుని, రెండు చేతులూ కోడి రెక్కల్లా ఆడించింది.

డెల్బర్ట్ కాఫీ పొలమారేలా నవ్వాడు.

"ఏంట్రా అంత నవ్వు?" అన్నాడు లోవెల్, బండి ఆపి, ఎడమ కిటికీలోంచి తల బయట పెట్టి. "చెబితే నేనూ నవ్వుతాను కదా."

డెల్బర్ట్ నవ్వు సగంలో ఆగింది. వెర్నా వైపు చూశాడు. ఆమె ఇంకా కోను నెత్తినే పెట్టుకుని ఉంది. తర్వాత అతను ఫ్లాస్కు మూత బిగించుకుని, మోకాలు నొప్పిగా ఉందని చెప్పి, కుర్చీ మడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర వెర్నా బెర్రీ పళ్ళు కూరి కాల్చిన ‘పై’ ముక్కని లోవెల్ కుడి మోచేతి పక్కన పెట్టింది. అతను తన పళ్ళెం ఖాళీ చేసి, నోరు తుడుచుకుని, కాసేపు కూచున్నాడు.

"ఇవాళ ‘పై’ లేదా?"

వెర్నా లేచింది. అల్మారాలోంచి నీలం అట్ట చిన్న పుస్తకం తీసింది. ఇరవై ఏడేళ్ళు బస్సులో స్టీరింగు పక్కన ఉండిన పుస్తకం అది. ఆగి ఉన్న స్కూలు బస్సుని, తెరిచిన స్టాప్ బోర్డుని దాటుకుని పోయిన ప్రతి బండి నెంబరూ అందులో రాసి పోలీసులకి పంపేది. పాస్టరు గారి భార్యని కూడా వదల్లేదు. ఆమె చివరి పేజీ తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, తేదీ వేసి, ఒక నెంబరు రాసింది. కింద ఇంకోసారి, ఇంకోసారి.

"ఎవడు దొరికాడు?" అన్నాడు లోవెల్.

ఆమె నెంబరు చదివింది. అది ఎడ్నాది.

లోవెల్ పళ్ళెం కొంచెం ముందుకి జరిపాడు.

"మూడుసార్లా?"

"మూడోసారి నెత్తిన కోను ఉంది."

"నీ నెత్తినా?"

"నా నెత్తినే. రెక్కలు కూడా ఆడించాను."

"జనవరిలో చెప్పాడు డాక్టరు," అన్నాడు. "కంటి వెనక నరం దెబ్బతిందట, కుడిది. పోయిన చూపు రాదు. ఉన్నది నిలవడానికి రెండు పూటలా చుక్కలు వేసుకోమన్నాడు."

"చుక్కలు ఎక్కడ?"

"గాలాల పెట్టెలో."

"చేపలకి వేస్తున్నావేమో అనుకున్నాను. పొద్దునా సాయంత్రం గారేజీలో ఏం పనో అని చూస్తూనే ఉన్నాను."

"చెబితే ఎడ్నాని అమ్మేద్దామంటావు."

"అందుకని ఉత్తరానికా?"

"దక్షిణానికి పోతే కుడి పక్క లోయ, వెర్నా. మధ్యలో రెయిలింగు కూడా లేని చోట్లున్నాయి. ఉత్తరానికి పోతే కుడి పక్క కొండే. కొండకి గీరుకుంటే రంగే కదా పోయేది."

"నేను ఆ కొండ చూస్తూ కూచోవాలి, మూడొందల మైళ్ళు."

"అదే నాకూ మింగుడు పడలేదు."

వెర్నా ‘పై’ ముక్కని అతని ఎడమ పక్కకి జరిపింది. అతను తిన్నాడు. తింటూ, శనివారం ఏ చోటూ తీసుకోవద్దనీ, ఎడ్నాని ఈ వసంతంలోనే అమ్మితే మంచి గిరాకీ ఉంటుందనీ అన్నాడు. ఆమె నీలం పుస్తకం మూసి అల్మారాలో పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం లోవెల్ మంగలి దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి ఇంటి ముందు ఎడ్నా లేదు. తాళాల కొక్కెం ఖాళీగా ఉంది. అతను పోస్టుడబ్బా దగ్గర నిలబడ్డాడు. గంట దాటింది. ఎదురింటావిడ కిటికీ తెర తొలగించి చూసి మళ్ళీ వేసుకుంది.

నది వైపు మలుపులో ముందు పూల కర్టెన్లు కనబడ్డాయి. వెర్నా ఇంటి ముందు ఆగి, ఎడమా కుడీ అద్దాలు చూసుకుని, వెనక్కి తోలడం మొదలుపెట్టింది. లోవెల్ రెండు చేతులూ ఎత్తి ఊపాడు. ఆమె అతని వైపు చూడనేలేదు. ఎడ్నా ఒక్క దెబ్బకి గారేజీ పక్కన, పూల మడికి జానెడు దూరంలో నిలిచింది.

ఆమె దిగింది. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది.

"ఎటు వెళ్ళావు?"

"నా పాత దారిలోనే. ఆ చివర, కవల పిల్లలు దిగే చోటు దాకా. అక్కడ నది ఆకుపచ్చగా ఉంటుంది, తెలుసా? చివర్లో ఒకసారి ఆపి చూశాను."

"బండి ఎలా ఉంది?"

"బ్రేకు మెత్తగా ఉంది. కుడి అద్దం వదులైంది, బిగించాలి. నా బస్సు దీనికంటే నాలుగడుగులు పొడుగు, అయినా ఇంతకంటే మాట వినేది."

"స్టీరింగు ముట్టనన్నావు."

"అన్నాను."

"కేకు తింటూ, అందరి ముందూ."

"కేకు బాగుంది, అందుకని ఏదో అనేశాను." లోపలికి వెళ్ళబోతూ ఆగింది. "నీ జుట్టు ఒక పక్క ఎక్కువ కత్తిరించాడు. ఏ పక్కో చెప్పనులే."

శనివారం ఐదున్నరకి వంటింట్లో దీపం వెలిగింది. లోవెల్ లేచి వచ్చేసరికి బల్ల మీద కంప్యూటరు తెరిచి ఉంది. పక్కన పటం, దాని మీద ఉప్పు డబ్బా అడ్డంగా పడి ఉంది. వెర్నా రెండు కుర్చీలు తెచ్చి పొయ్యి వైపు ముఖం పెట్టి, ఎడ్నా ముందు సీట్లలా పక్కపక్కన వేసింది. ఎడమ కుర్చీకి ఎడమ పక్కన సింకు, దాని మీద కిటికీ. తను ఎడమ కుర్చీలో కూచుంది.

"ఇదేంటి?"

"కూచో. కాఫీ తర్వాత."

అతను కుడి కుర్చీలో కూచున్నాడు.

"ఎదురుగా చూడు. కుడి పక్క ఏముంది?"

"ఫ్రిజ్ అనుకుంటా. ఫ్రిజ్ అని నమ్ముతున్నాను."

"కొండ అనుకో. దాన్ని ఎవరూ చూడక్కర్లేదు. ఇప్పుడు ఇటు తిరుగు. ఏం కనబడుతోంది?"

"నువ్వు. జుట్టు దువ్వుకోలేదు."

"నా వెనక?"

లోవెల్ మెడ కొంచెం సాచాడు. బయట వెలుతురు అప్పుడప్పుడే వస్తోంది. ఎడ్నా పైభాగం, కంచె, దాని వెనక బూడిదరంగు ఆకాశం.

"కిటికీ," అన్నాడు. "మొత్తం కిటికీ కనబడుతోంది."

"నాకైతే ఇంకా దగ్గర," అంది వెర్నా, సింకు వైపు చెయ్యి చాపి. "మధ్యలో ఎదురొచ్చే బళ్ళు ఉంటాయనుకో. ఉండనీ."

అతను ఆ కుర్చీలోనే ఉండిపోయాడు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి, ఏదో పట్టుకోవాలనుకుని పట్టుకోకుండా ఉన్నట్టు. "నేనేం చెయ్యాలి మరి, అంత దూరం?" అన్నాడు.

"పటం చదువు. కాఫీ అందించు. నోరు మూసుకుని ఉండటం మాత్రం నీ వల్ల కాదులే, అది అడగను."

"మలుపుల్లో నువ్వు వేగం తగ్గించవు."

"ఇరవై ఏడేళ్ళలో ఒక్క పిల్లాడు కూడా సీట్లోంచి పడలేదు."

"పడితే నీ భయానికి చెప్పి ఉండరు."

కంప్యూటరు మూల గడియారం ఐదు యాభై తొమ్మిది చూపిస్తోంది. వెర్నా బల్ల దగ్గరికి జరిగి, కళ్ళజోడు పెట్టుకుని, ఉప్పు డబ్బాని ఎత్తి నిలబెట్టింది. అంకెలు మారాయి.

"బ్రూకింగ్స్ మొదట," అంది. "ఉత్తరానికి పోదాం. నేను నడుపుతాను."