నా పాదంలో దిగిన సైన్యం

ఒక తుమ్మ ముల్లుతో తొమ్మిది రోజులు యుద్ధం చేసి, చివరికి సొంత డైరీ చేతిలో ఓడిపోయిన కథ ఇది. నా 2004 డైరీ తెరిస్తే ఇప్పటికీ నా కుడిపాదం కనిపిస్తుంది. కంగారు పడకండి, పెన్సిలుతో గీసుకున్న బొమ్మే.

అప్పట్లో గద్వాలలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. ధరూర్ దగ్గర మా మామగారి చేలో వేరుశనగ పీకుతున్నారంటే ఆదివారం వెళ్లి, చెప్పులు గట్టున విడిచి చేలో దిగాను. దిగిన పది అడుగులకే ముల్లు గుచ్చుకుంది. పీకి పారేశాను. నా భార్య అనసూయ దాన్ని ఏరి, ఎండలో తిప్పి చూసింది.

"కొస లేదు సారూ. లోపల్నే ఇరిగింది. జర కాలు ఇటియ్యండి," అంటూ గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసింది.

కాలు వెనక్కి లాక్కున్నాను. ఒంటి రక్షణ పాఠం ఆ వారమే చెప్పాను, బుర్రలో ఇంకా పొగలు కక్కుతోంది.

"చర్మం కోటగోడ. దాన్ని నువ్వే పొడుస్తనంటే ఎట్ల? లోపల తెల్లకణాలున్నయి, అవే చూసుకుంటయి."

"వాటి దగ్గర పిన్నీసున్నదా?" అంది.

మూడో రోజుకు పాదం పూరీలా పొంగింది. రక్తనాళాలు వెడల్పై సైన్యం దిగుతోందని, ఎరుపూ వేడీ దాని గుర్తులేనని ఆమెకు చెప్పాను. ఇది పుట్టుకతో వచ్చిన కాపలా. శత్రువు పేరూ ఊరూ అడగదు, దొరికినదాన్ని దొరికినట్టు మింగుతుంది. పొద్దునా సాయంత్రం టేపుతో వాపు కొలిచి డైరీకెక్కించేవాణ్ణి. అర అంగుళం పెరిగితే సొంత పిల్లాడు ఫస్టు క్లాసులో పాసైనంత గర్వం. పలకరించడానికి వచ్చిన పక్కింటివాళ్లకూ పాఠం చెప్పాను. మళ్లీ ఎవరూ రాలేదు. చీము కనిపించిన రోజు "వీరమరణం పొందిన తెల్లకణాలు" అని ఎర్రసిరాతో రాశాను.

తొమ్మిదో రోజు చలిజ్వరం వచ్చింది. చీలమండ దాటి ఎర్రగీత పైకి పాకింది. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. అనసూయ ఆటో తెచ్చి వాకిట్లో నిలబెట్టింది.

"ఎక్కండి. మీ సైన్యాన్ని గుడ ఎక్కియ్యండి."

డాక్టరు పాదం చూసి, ఇంకో రెండు రోజులాగితే నడక సంగతి చెప్పలేకపోయేవాణ్ణన్నాడు. మత్తు సూది వేసి, కోసి, జీలకర్ర గింజంత కొస బయటికి తీశాడు.

"మీ తెల్లకణాలు బాగనే కొట్లాడినయి సార్. కని ముల్లును మింగలేవు కద. కొస లోపల్నే ఉన్నదని ఎవ్వరు చూడలేదా?"

"తెల్వలేదు," అని, నా శాస్త్రీయ కృషి చూసైనా మెచ్చుకుంటాడని డైరీ అందించాను. ఆయన మొదటి రోజు పేజీ తీసి, గట్టిగా చదివాడు: "ఆదివారం. ముల్లు కొస లోపలే ఉందని అనసూయ అంటున్నది. ఆధారం లేదు."

కాంపౌండరు గోడ వైపు తిరిగి దగ్గాడు. అనసూయ గాజులకున్న పిన్నీసు సర్దుకుంది, అంతే.

ఆ సాయంత్రం ఆ పేజీలోనే, పాదం బొమ్మ కింద రాశాను: 'ఇకపై కొలిచే ముందు వింటాను. ఇది నా ప్రతిజ్ఞ.' సంతకం చేశాను. సాక్షి సంతకం చేయమంటే, అనసూయ ఆ పిన్నీసే తీసి కాగితానికి గుచ్చింది. ఇన్నేళ్లకు అది తుప్పు పట్టి, నా పెన్సిలు పాదం మీద గోధుమరంగు మరకైంది. ఊడి మాత్రం రాలేదు.