చిప్పల క్లబ్బులో నాన్న వంతు

మొన్న ఖమ్మంలో మా ఇంటికి కుట్టుమిషన్ బాగుచేసే ఆయన వచ్చి, చిన్న సీసాలోంచి నాలుగు చుక్కల నూనె వేసి, పాతగుడ్డతో చక్రం తుడిచి వెళ్ళిపోయాక, ఆ వాసన సాయంత్రం దాకా హాల్లోనే ఉండిపోయింది. అందరికీ ఆ వాసనకు కొత్త బట్టలు గుర్తుకొస్తాయేమో గాని నాకు తుపాకి గుర్తుకొస్తుంది. మా నాన్న తన తుపాకి గొట్టాలు తుడవడానికి అమ్మ కుట్టుమిషన్ నూనే వాడేవాడు. మిషన్ కిర్రుమన్నప్పుడల్లా అమ్మ "నా నూనెంతా ఆ సవతే తాగుతాంది" అని బీరువా వెనక నిలబెట్టిన తుపాకిని తిట్టేది.

దమ్మపేట దగ్గర మాకు మామిడితోటా కొంత వరిపొలమూ ఉండేవి. పొలం మీద అడవిపందులు పడుతున్నాయని మా తాత తీసుకున్న లైసెన్సు తర్వాత నాన్న పేరుకు మారింది. నాకు ఊహ తెలిసేసరికి పందుల్ని కాల్చే రోజులు పోయాయి. ఏడాదంతా ఊరికే నిలబడి ఉండే ఆ తుపాకి, దసరాకు ఆయుధపూజ నాడు మాత్రం పసుపూ కుంకుమా పూయించుకుని, కొడవళ్ళకూ పురుగుమందు కొట్టే స్ప్రేయరుకూ పక్కన పెద్దమనిషిలా కూర్చునేది. ఇలాంటి పనిలేని తుపాకులు సత్తుపల్లి దాకా ఇంకొన్ని ఇళ్ళలో ఉండేవి. వాటికి పని కల్పించినవాడు సుబేదారు తాత. సైన్యంలో పనిచేసి ఊరికి తిరిగొచ్చిన ఆ పెద్దాయన, ఉత్తరాదిన ఎక్కడో తమ అధికారులు ఆడే ఆటను గుర్తుపెట్టుకుని, అడవి అంచున ఉన్న తన తోటలో మొదలుపెట్టాడు. గాల్లోకి ఎగిరిన మట్టి చిప్పను తుపాకితో పగలగొట్టడమే ఆట. క్లబ్బుకు ఇంగ్లీషులో పెద్ద పేరే ఉండేది గాని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అది చిప్పల క్లబ్బు. టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు "ఏందన్నా, ఆదివారం పూట చిప్ప పట్టుకొని బయల్దేరినవ్?" అని ఆటపట్టిస్తే నాన్న అందరికంటే ముందు తనే నవ్వేవాడు.

చిప్పలు మా ఊరి కుమ్మరి చేసేవాడు. అరచేతి కంటే కాస్త పెద్దవి, ప్రమిదను బోర్లించినట్టుండేవి. బాగా కాలిస్తే సీసపు రవ్వలు తగిలినా పగలవని సగమే కాల్చమని చెప్పేవారు. ఆయనకది నచ్చేది కాదు. "పగలనీకి చిప్పలు చేసుడేందయ్యా, మా తాత బతికుంటే నన్ను కొడ్తుండె" అంటూనే గడ్డిలో పేర్చి గంపకెత్తేవాడు. వాటిని విసిరే యంత్రాన్ని పాత జీపు కమాను పట్టీతో సత్తుపల్లి వెల్డింగ్ షాపులో చేయించారు. మీట లాగితే అది ఠప్పుమని చిప్పను చెట్ల తలల మీదికి విసిరేది, కొత్తగా వచ్చిన చుట్టాలు తుపాకి పేలిందనుకుని అప్పుడే చెవులు మూసుకునేవాళ్ళు.

దసరా వెళ్ళాక మొదలైతే ఇప్పపూలు రాలడం మొదలయ్యే దాకా మా ఆదివారాలు అవే. ఇప్పపూల కాలంలో కోయగూడెం ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని చెట్ల కిందే ఉంటారు కాబట్టి ఆ నెలల్లో అటువైపు తుపాకి ఎత్తకూడదని సుబేదారు తాత నియమం. పోలీస్ స్టేషన్లో ముందుగా చెప్పి, జీపుల్లో, స్కూటర్ల మీద కుటుంబాలతో సహా వెళ్ళేవాళ్ళం. తోటలో ఒక్కోచోట ఒక్కో తీరుగా చిప్ప వచ్చేది. పొదలోంచి కౌజుపిట్టలా బుర్రున లేచే చోటు కౌజు మలుపు, నేల మీద ఎగురుకుంటూ దొర్లే చోటు కుందేలు మలుపు, చెరువు గట్టు మీదుగా అడ్డంగా వచ్చే చోటు బాతు మలుపు. మగవాళ్ళు తుపాకులు మడిచి మోచేతికి తగిలించుకుని ముందు నడిస్తే, మేము వెనకాల టిఫిన్ క్యారియర్లతో, నీళ్ళ క్యాన్లతో, చాపలతో, గట్టు చాటున ఆగి ఆగి నడిచేవాళ్ళం. చలికాలం మొదట్లో సీతాఫలాలు, తర్వాత రేగుపండ్లు, ఎండ మొదలయ్యాక చింతకాయలు. మధ్యాహ్నం మామిడిచెట్ల కింద చింతపండు పులిహోర, జొన్నరొట్టె, నాటుకోడి కూర, కాస్త మాడు వాసన వేసే పెరుగన్నం. అన్నిటి మీదా కాలిన మందు వాసన ఉండేది, తినేటప్పుడు అది కూడా ఒక మసాలా అనుకునేదాన్ని.

వంతులు పిలవడం సుబేదారు తాత పని. మనిషి ముసలివాడు గాని గొంతు ముసలిది కాదు. పేరు సాగదీసి పిలిచేవాడు. ఆ పేరు గలాయన "ఉన్నా" అనాలి. అప్పుడు తాత "వదులు" అనేవాడు, చిప్ప లేచేది. ఆడవాళ్ళకూ ఒక వంతు ఉండేది. వాళ్ళలో అమ్మదే గురి. నడుముకు కొంగు చుట్టి, చెంపను తుపాకి కర్రకు ఆనించి, చిప్ప వెంట ఒక్క క్షణం తిరిగి కొట్టేది. నాన్న "అందుకే నేను ఇంట్ల నోరెత్త" అనేవాడు, అందరూ నవ్వేవాళ్ళు.

అమ్మ నాన్న పేరు పలికేది కాదు. భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని ఆమెకు చిన్నప్పుడే చెప్పి పెట్టారు. నాన్న పేరు సీతారాములు. భద్రాచలానికి అంత దగ్గరలో ఉండి కూడా అమ్మ శ్రీరామనవమికి సీతారాముల కల్యాణం అనలేక "భద్రాచలం పెళ్ళి" అనేది. పెళ్ళెవరిదమ్మా అని ఎవరైనా కావాలనే అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఇంటికి వచ్చేవాళ్ళు కూడా నాన్నను అన్నా అనో బావా అనో పిలిచేవాళ్ళు. అమ్మ ఉన్నచోట ఆయన్ని నోరారా "సీతారాములూ" అని పిలిచే మనిషి సుబేదారు తాత ఒక్కడే. ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా అమ్మ చేస్తున్న పని ఆపి అటు చూసేది. నేను అది చూశాను గాని అప్పుడు దానికి అర్థం ఉందనుకోలేదు.

ఒక వానాకాలం నాన్నకు జ్వరం వచ్చింది. మా అడవి పక్క ఊళ్ళలో వానాకాలం జ్వరాలు కొత్త కాదు గనుక మొదట ఎవరూ కంగారుపడలేదు. అది మెదడుకెక్కిందని ఖమ్మం తీసుకెళ్ళారు. నాన్న కారు వెనక సీట్లో, అమ్మ ఒడిలో తల పెట్టుకుని వెళ్ళాడు. వచ్చేటప్పుడు వేరే బండిలో తెచ్చారు.

నాకు ఏడుపు రాలేదు. నాకప్పుడు పదకొండేళ్ళు, ఏం జరిగిందో తెలియని వయసు కాదు. తెలుసు. కాళ్ళు తిమ్మిరెక్కినప్పుడు గిచ్చినా తెలియదే, మనిషంతా అలా ఉంది. "పిల్లకు ఏడుపొస్తలేదు, గుండెల గడ్డ కట్టుద్ది, ఏడిపియ్యండే" అని మా మేనత్తలు నా ముందు నాన్న చొక్కా పెట్టి చూశారు. నేను చొక్కాకు గుండీ ఊడిందని చెప్పాను. ఆ తర్వాత ఇంట్లో అందరూ నా మొహం వైపు చూస్తూ బతకడం అలవాటు చేసుకున్నారు.

దసరా అయ్యాక క్లబ్బు వాళ్ళు మమ్మల్ని మళ్ళీ పిలిచారు. నాన్న స్నేహితుడు, సత్తుపల్లి డాక్టరు మామయ్య, తనే కారు తెచ్చాడు. "ఇంట్లనే కూసుంటే మనాది పట్టుద్ది చెల్లే, పిల్లను తీస్కొని రా" అన్నాడు. వెళ్ళాం. బాతు మలుపు దగ్గర సుబేదారు తాత మొట్టమొదట "సీతారాములూ" అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. కాసేపు ఆగి "వదులు" అన్నాడు. చిప్ప లేచింది, ఒక్క తుపాకీ లేవలేదు, అది చెరువు మీదుగా వెళ్ళి అవతలి గడ్డిలో పడింది. చనిపోయిన సభ్యుడి వంతు అలాగే జరుగుతుందని, ఆ ఇంటివాళ్ళెవరైనా చిప్పను కొట్టేదాకా పేరు పిలుస్తూనే ఉంటారని, కొట్టాక ఇక పిలవరని డాక్టరు మామయ్య మాకు చెప్పాడు. "ఇంటోళ్ళే పంపియ్యాలె. మనం పంపిస్తే పోడు" అన్నాడు సుబేదారు తాత. అది సైన్యంలో ఆచారమో, ఆయన సొంత ఆచారమో ఎవరూ అడగలేదు.

నాన్న తుపాకి అప్పటికే స్టేషన్లో జమైంది. తర్వాతి ఆదివారం డాక్టరు మామయ్య తన తుపాకి అమ్మ చేతికిచ్చి పక్కన నిలబడ్డాడు. అమ్మ కాల్చింది. చిప్ప పోయి గడ్డిలో పడింది. ఆ పై ఆదివారాలూ అంతే. "చెయ్యి వణుకుతుంది పాపం" అన్నారు ఆడవాళ్ళు. చెయ్యి వణకడం లేదు. అమ్మ చెంప కర్రకు ఆనడం లేదు, గొట్టం చిప్పకు ఎప్పుడూ జానెడు వెనక తిరుగుతోంది. ఆ సంగతి నాకు తెలుసు, సుబేదారు తాతకు తెలుసు, తుపాకి పట్టిన ప్రతి మనిషికీ తెలుసు. వచ్చే ఆదివారం ఆ పేరు మళ్ళీ వినాలంటే అమ్మకు అదొక్కటే దారి. నాకు మాత్రం ఆ చిప్ప పగిలిపోతే బాగుండుననిపించేది. అది గాల్లో ఉన్నంతసేపూ అందరూ చిప్పను వదిలేసి నన్ను చూసేవాళ్ళు, ఇప్పుడైనా ఏడుస్తానేమోనని.

ఇప్పచెట్లు ఆకు రాల్చే రోజుల్లో ఒక ఆదివారం, సుబేదారు తాత భోజనాలకు ముందే అందరినీ కూర్చోబెట్టాడు. ఎన్నికలొస్తున్నాయి, లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టాలి, అడవిలో పరిస్థితి బాగాలేదు కాబట్టి మళ్ళీ ఇస్తారన్న నమ్మకం లేదు. "ఇయ్యాల్టితోటి బందు. బిడ్డా, నడిమిట్ల ఇడిసిపెట్టొద్దు. ఇయ్యాల పంపియ్యి" అన్నాడు అమ్మతో. అమ్మ తలూపింది. నడుముకు కొంగు చుట్టింది. నాన్న ఉన్నప్పుడు నిలబడినట్టు, ఎడమకాలు ముందుకు పెట్టి నిలబడింది. ఈసారి చెంప కర్రకు ఆనింది.

"సీతారాములూ!"

తాత ఎప్పటిలాగే కాసేపు ఆగాడు. ఆ కాసేపట్లో "ఉన్నా" అని వినపడింది. అది నా గొంతే. అనాలని నేను అనుకోలేదు. పేరు పిలిచారు, ఎవరో ఒకరు పలకాలి కదా అన్నట్టు నోరు తనంతట తనే అంది. తాత ఒక్కసారి నా వైపు చూసి "వదులు" అన్నాడు. చిప్ప లేచింది. అమ్మ తుపాకి గొట్టం దాని వెంటే, సరిగ్గా దాని వెంటే తిరిగింది. చెరువు దాటేదాకా తిరిగింది. పేలలేదు. చిప్ప గడ్డిలో పడింది. అమ్మ తుపాకి మడిచి తూటా తీసి, డాక్టరు మామయ్యకిచ్చేసి, చాపల దగ్గరికి వెళ్ళి అందరికీ పులిహోర వడ్డించింది. నేనూ తిన్నాను. రుచి ఏమీ తెలియలేదు.

తుపాకులు స్టేషన్‌కి వెళ్ళాయి. ఎన్నికలయ్యాయి. మళ్ళీ ఎవరూ ఆట మాటెత్తలేదు. ఆ తర్వాత రెండు వానాకాలాలకు సుబేదారు తాత పోయాడు. తాత పేరును వంతుకు అలా పిలవడానికి ఎవరూ మిగల్లేదు. మా పొలం కౌలుకిచ్చి మేము ఖమ్మం వచ్చేశాం, అమ్మ ఇంట్లోనే మిషన్ కుట్టి నన్ను చదివించింది.

మిషన్ బాగుచేయించిన వారానికే దమ్మపేటలో పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొస్తూ సుబేదారు తాత తోట దగ్గర కారు ఆపమంది అమ్మ. మామిడిచెట్లు ఒక్కటి లేవు. అంతా ఆయిల్‌పామ్, వరసకు వరస, పగలే చీకటిగా ఉంది. కౌజు మలుపు ఏదో, కుందేలు మలుపు ఏదో చెప్పడానికి ఒక్క ఆనవాలు లేదు. చెరువును పూడ్చి చదును చేశారు. గట్టు ఉండాల్సిన చోట నీళ్ళ పైపు ఉంది.

ఇన్నేళ్ళలో అడగనిది అప్పుడు అడిగాను. "ఆ రోజు ఎందుకు కొట్టలేదమ్మా? సరిగ్గానే గురిపెట్టావు కదా."

"కొడదామనే నిలబడ్డ" అంది అమ్మ. "నువ్ పలికితివి. పలికినంక ఎట్ల కొడ్తనే?"

ఎండి రాలిన ఆయిల్‌పామ్ మట్టల మీద నిలబడి, నా వైపు చూడకుండా, "ఒక్కపాలి పిలువరాదే" అంది.

కన్నతండ్రిని పేరుపెట్టి పిలవడమేమిటనిపించింది. తర్వాత పిలిచాను. సుబేదారు తాతలా సాగదీయబోయాను గాని నా గొంతు అంత దూరం పోలేదు. అమ్మ తల వంచుకుని, చేతిలో పని ఆపినట్టే నిలబడి విన్నది. కొంగుతో మొహం తుడుచుకుని కారు వైపు నడిచింది. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు. అమ్మ ఇంకోసారి పిలవమంటే బాగుండుననిపించి, అక్కడే నిలబడ్డాను.