నోర్బెర్తోకు నయం కాని జబ్బు

మనోవిశ్లేషణ చేయించుకోని మనిషంటే బ్వేనొస్ ఐరెస్‌లో జనం జాలిగా చూస్తారు. బ్యాంకులు జనం డబ్బు లోపలే ఉంచుకుని తలుపులు మూసేసిన ఆ ఏడాది రాత్రి భోజనం మానుకున్నవాళ్లున్నారు గానీ, వారం వారం వెళ్లి సోఫా మీద పడుకుని గోడు చెప్పుకోవడం మానుకున్నవాళ్లు తక్కువ.

నోర్బెర్తో కిరోగా అమ్మకాలు చూసే చెప్పుల కొట్టు అప్పుడే మూతపడింది. దాంతోపాటు అతని నిద్రా పోయింది. చేతిలో డబ్బాడక జనం పేటకో వస్తుమార్పిడి సంత పెట్టుకున్నారు. స్వెట్టర్లిచ్చి బంగాళాదుంపలు తీసుకునేవాళ్ల మధ్య దోక్తొరా, అంటే డాక్టరమ్మ, మిర్తా లెర్నెర్ కుర్చీ వేసుకుని, మనసులు బాగుచేస్తానని అట్టముక్క మీద రాసి పెట్టుకుంది. నోర్బెర్తో ఎంపనాడాలు బాగా చేస్తాడు, కజ్జికాయల్లా మడిచి లోపల మాంసం కూరి కాల్చేవి. బేరం కుదిరింది. ప్రతి శుక్రవారం పళ్లెం నిండా ఎంపనాడాలు, బదులుగా మేడ మీద ఆవిడ గదిలో ఒక పూట వైద్యం.

పని లేక నిద్ర రావడం లేదని అతను మొత్తుకునేవాడు. అంత తేలిక కారణాన్ని ఆవిడ ఒప్పుకుంటే కదా! పని పోవడం పైకి కనిపించే సాకేననీ, అసలు లోపల కూర్చున్నది వాళ్ల నాన్న అనీ తేల్చింది. ఆవిడది గడియారం చూసి చేసే వైద్యం కాదు. రోగి నోటినుంచి అసలు మాట ఊడిపడిందనిపించగానే ఇవాళ్టికి చాలని లేచి నిలబడేది. రానురాను నోర్బెర్తో నోట అసలు మాటలు మరీ తొందరగా ఊడిపడసాగాయి. పళ్లెంలోంచి వేపిన ఉల్లిపాయ వాసన గదంతా కమ్ముకునేసరికి వైద్యం పూర్తయ్యేది. తనలో ఇంత లోతుందా అని అతగాడు మురిసిపోయేవాడు.

చలికాలం చివర్లో రొట్టెల బట్టీలో పని దొరికింది. ఆ రాత్రే గుర్రుపెట్టి పడుకున్నాడు. శుక్రవారం ఆఖరి పళ్లెం తీసుకెళ్లి, నయమైంది, ఇక రానన్నాడు.

ఆవిడ మొహం పాలిపోయింది.

"నిద్ర పట్టడం కూడా రోగలక్షణమే, నోర్బెర్తో గారూ. మీరు పారిపోతున్నారు."

అతనికి ఒళ్లు మండింది.

"పని దొరికింది, నిద్రొచ్చింది. ఇందులో మా నాన్న చేసిందేముందండీ?"

విసవిసా మెట్లు దిగినవాడు మఫ్లర్ మరిచిపోయానని వెనక్కి వచ్చాడు. తలుపు ఓరగా ఉంది. దోక్తొరా గోడవైపు తిరిగి, నిలబడే, నోరు కాలుతున్నా ఆగకుండా తింటోంది. సగం ఎంపనాడాలు పిల్లలకు కాబోలు, అప్పటికే రుమాల్లో మూటగట్టి ఉన్నాయి. గదిలో బల్ల లేదు, దీపపు స్టాండు లేదు, పుస్తకాల అరలూ లేవు. సోఫా ఒక్కటే మిగిలింది. ఇన్ని శుక్రవారాలు ఆ సోఫా మీద వెల్లకిలా పడుకుని తన గోడే తప్ప ఇవేవీ చూడనందుకు నోర్బెర్తోకు సిగ్గేసింది.

గుమ్మంలోంచే దగ్గాడు.

"అబద్ధమాడాను దోక్తొరా. రాత్రంతా కన్ను మూతపడలేదు. వారానికి రెండుసార్లు రావాలేమో నేను."

ఆవిడ గబగబా మింగి మూతి తుడుచుకుంది.

"నాకు తెలుసు. మీది మొండి జబ్బని మొదటిరోజే అనుకున్నాను."

మంగళవారం తనకు తీరిక దొరుకుతుందో లేదోనని ఆవిడ చాలాసేపు ఆలోచించింది. తీరిక దొరికేదాకా నోర్బెర్తో చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు.