ఎడమ సీటు

నా కారుకి పద్దెనిమిదేళ్లు. రెండు డోర్ల ఎర్ర బండి. నేలకి ఆనినట్టు ఉంటుంది, మలుపులో స్టీరింగు తిప్పితే చెప్పిన మాట వింటుంది. థర్డ్‌హ్యాండ్‌లో కొన్నానని మా కాలేజీ స్టాఫ్‌రూంలో నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. రాజమండ్రిలో కొత్త కార్లు కొన్నవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, వాళ్లలో ఎంతమందికి కారు నడపడం వచ్చని నేనూ లోలోపల నవ్వుకుంటాను.

ఈ మధ్య దాని సస్పెన్షన్, అంటే గుంటల దెబ్బ మనకి తగలకుండా ఆపే సరంజామా, మొత్తం విప్పించి కొత్తగా కట్టించాలని పూనుకున్నాను. అందరికీ చెప్పిన కారణం బండి పాతబడిందని. అసలు కారణం మా ఆవిడ. ఏడాదిగా ఆవిడ ఆ కారెక్కడం లేదు.

కిందటేడు రామచంద్రపురం దగ్గర ఉన్న ఆవిడ పుట్టింటికి వెళ్లి, కాలువ గట్టు రోడ్డు మీద తిరిగి వస్తున్నాం. ఎదురుగా వరికోత మిషను వచ్చింది. దారి ఇద్దామని కారు పక్కకి దించాను. ఎడమవైపు చక్రాలు తారు దిగి గుంటలో పడ్డాయి. ఆవిడ "అమ్మా" అంటూ నడుం పట్టుకుంది.

"ఎన్నిసార్లు చెప్పానండీ, ఈ కారు నా వల్ల కాదని!"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ నడుం సంగతి పట్టలేదు, నా కారుని అన్నందుకు ఒళ్లు మండింది. "ఇద్దరం ఒకే కారులో ఉన్నాం. నాకు లేని నొప్పి నీకెక్కణ్ణించి వచ్చింది? నీకన్నీ ఎక్కువే!" అన్నాను.

ఆ మర్నాటి నుంచి ఎక్కడికెళ్లినా ఆటో, లేదంటే బస్సు. ఇంట్లో మాటలు మామూలుగానే నడిచాయి. కాఫీ ఇచ్చేది, కూర ఏం చెయ్యమంటారని అడిగేది. కారు దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. ఒకే పెళ్లికి నేను కారులో, ఆవిడ బస్సులో వెళ్లాం. నలుగురూ ఏమనుకుంటారోనని సిగ్గేసింది. నిజం చెప్పొద్దూ, సిగ్గు కంటే దిగులే ఎక్కువ. పక్క సీటు ఖాళీగా ఉంటే నాకా కారు నడపబుద్ధయ్యేది కాదు.

అందుకని పది రోజులు కూర్చుని నోటుపుస్తకంలో ప్లాను రాశాను. షాక్ అబ్జార్బర్లు నాలుగు, వాటి పైనుండే మౌంటింగులు, చక్రాల్ని పట్టి ఉంచే కింది ఆర్ముల కీళ్లలోని రబ్బరు బుష్‌లు, స్ప్రింగులు. స్ప్రింగుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి కారుతో మొదట వచ్చినవాటిలాంటివి, కాస్త మెత్తనివి. రెండోది గట్టివి, కారుని ఇంకో అంగుళం కిందికి దించేవి. గట్టివాటి పక్కన టిక్కు పెట్టాను. ఆవిడ కోసమని మొదలుపెట్టిన ప్లాను అక్కడికొచ్చేసరికి నా కోసం అయిపోయింది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు.

రావులపాలెంలో నా ఈడు మెకానిక్ ఒకాయన ఉన్నాడు. పాత బళ్లంటే ప్రాణం పెడతాడు. పుస్తకం తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఆసాంతం చదివాడు.

"బాగా రాశారండి మాస్టారూ. ఇంతకీ బండి ఎవరు చూశారండి?"

"రోజూ నడిపేది నేనే కదా."

"నడపడం వేరండి. తాళం ఇలా ఇచ్చి, మీరు ఆ పక్కన కూర్చోండి."

కొన్న తొమ్మిదేళ్లలో నా కారు ఎడమ సీట్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

ఊరు దాటి కాలువ రోడ్డెక్కాం. అరటి గెలల వ్యాను ఎదురొచ్చింది. ఆయన కారు పక్కకి దించాడు. ధభీమని పడింది. ఆ దెబ్బ నడుం దగ్గర మొదలై మెడదాకా వచ్చింది. "అబ్బా!" అని అరిచాను. ఆయన మాత్రం స్టీరింగు పట్టుకుని హాయిగా ఉన్నాడు.

"మీకేం అనిపించలేదా?" అని అడిగాను.

"నాకేం ఉంటుందండి, నా పక్క చక్రం తారు మీదే ఉంది కదండీ. మన రోడ్ల మీద దారిచ్చినప్పుడల్లా గుంటలో దిగేది ఎడమ చక్రమేనండి. మీ పక్క షాక్‌లో ఆయిలంతా కారిపోయి ఎన్నాళ్లయిందో. మేడంగారు ఎలా కూర్చుంటున్నారండి బాబూ ఇందులో?"

"కూర్చోవడం లేదు" అన్నాను. ఆయన కారు వెనక్కి తిప్పాడు.

తిరిగొచ్చేదాకా ప్రతి గుంటా నాకు తగులుతూనే ఉంది. ఎనిమిదేళ్లు ఆవిడ ఆ సీట్లో కూర్చుంది. ఎప్పుడో ఒకసారి గట్టిగా చెబితే నేనన్న మాట అది. నా మీద నాకే అసహ్యం వేసింది.

షెడ్డులో పుస్తకం తీసి గట్టి స్ప్రింగులు కొట్టేసి, మెత్తనివి రాశాను. మెకానిక్ ఇంకో సంగతి చెప్పాడు.

"బండి జాకీల మీద ఉండగా బుష్‌లు బిగించేస్తే, కిందికి దించాక రబ్బరు మెలిపడి చిరిగిపోతుందండి. అందుకని నేల మీదకి దించి, రోజూ తిరిగేవాళ్లని కూర్చోబెట్టి అప్పుడు బిగిస్తాను. ఆ రోజు ఇద్దరూ రండి."

"నేనొక్కణ్ణే వస్తే?"

"ఆయ్, ఒక్కరి బరువుకే బిగిస్తానండి."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ వంటింట్లో కింద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక షాక్‌ల గురించీ బుష్‌ల గురించీ చెప్పుకుపోయాను.

"ఇవన్నీ నాకెందుకండీ ఇప్పుడు?" అంది.

"ఇవాళ నీ సీట్లో కూర్చున్నాను" అన్నాను. "నా వల్ల కాలేదు. ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే."

ఆవిడ చెయ్యి ఆగింది.

"బుష్‌లు బిగించే రోజు నువ్వూ వచ్చి కూర్చోవాలట" అన్నాను. "అన్నీ కొత్తవి వేయిస్తున్నాను. ఇక నీ నడుంకి ఏ బాధా ఉండదు."

"వస్తాలెండి" అంది, ఇంకో చిక్కుడుకాయ అందుకుంటూ. "నా నడుం పది రోజుల్లోనే తగ్గిపోయిందండీ. ఇప్పుడన్న మాట అప్పుడే అని ఉంటే, ఆ పాత షాక్‌ల మీదే వచ్చి కూర్చునేదాన్ని."