కుర్చీ దిగని ఖలీల్ భాయ్

నిన్న సాయంత్రం ఆఫీసులో ఉండగా ఖలీల్ భాయ్ భార్య రెహానా భాభీ ఫోన్ చేసింది.

“మూర్తి భయ్యా, మీ దోస్త్ పోయిండు.”

“ఏ దోస్త్?” అన్నాను.

భాభీ ఫోన్ చేస్తే ఖలీల్ భాయ్ గురించి కాక ఇంకెవరి గురించి చేస్తుంది? అయినా అలాగే అడిగాను. 

మన ఛత్రినాక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ బ్యాచ్‌లో అందరికంటే పెద్దవాడు, రేడియోలు బాగుచేసుకుంటూ వచ్చి మనతో బెంచీ మీద కూర్చున్న ఖలీల్ భాయ్ ఇక లేడు. గుండెపోటు.

ఈ పొద్దున యాకుత్‌పురా ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి వచ్చాను. ఏడుపు రావడం లేదు. ఒళ్ళు మండిపోతోంది. మంచి మాటలు కావలసినవాళ్ళు ఈ పోస్ట్ చదవకండి.

భాభీ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“పొద్దుగాల నుంచి ఛాతిల మంట అంటుండె. నేనే పోయి ఆటో తెచ్చి దుకాణం ముందల నిలబెట్టిన. చలో అంటే లేవలే భయ్యా. ఇంక ఇర్వై నిమిషాలే, రాస్తున్నది, ఇప్పుడు లేస్తె బోర్డు ఖతం అన్నడు.”

ఇరవై నిమిషాలు!

బయట ఆటో ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది. లోపల ఈ మహానుభావుడు చెమటలు కక్కుతూ కుర్చీలో.

అది పూర్తయ్యాకే లేచాడట. ఆస్పత్రికి చేరాక డాక్టర్ ఒక్కటే మాట అన్నాడట, కాస్త ముందు తేవాల్సింది అని.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. భాయ్ పని అరచేతంత కంప్యూటర్ బోర్డులతో. మెషిన్ల లోపల ఉంటాయే, అవి. పాడైన సిస్టమ్ తుడిచేసి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తాడు. అలా ఎక్కించడాన్నే భాయ్ ‘రాయడం’ అనేవాడు. రాస్తున్నంతసేపూ కుర్చీ దిగడు. పక్కన ఒక ఆటో బ్యాటరీ, చేతి కింద స్విచ్. కరెంటు పోతే ఆ క్షణంలోనే బ్యాటరీకి మార్చాలి.

ఆ పద్ధతి ఎవడు నేర్పాడో తెలుసా?

నేనే.

మా కంపెనీ నుంచి భాయ్‌కి మొదటి బోర్డు పని ఇప్పించింది నేను. సగం రాస్తుండగా భాయ్ చాయ్‌కి లేచాడు, కరెంటు పోయింది, బోర్డు చచ్చింది. ఆ కాలం బోర్డులు అంతే, మధ్యలో ఆగితే మళ్ళీ లేవవు. నేను అందరి ముందూ నోటికొచ్చినట్టు అరిచాను. “రాస్తున్నప్పుడు కుర్చీ దిగుతారా ఎవరైనా? బుద్ధుందా?” అన్నాను. నాకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి.

 మర్నాడు వెళ్ళేసరికి దుకాణం గోడ మీద ఉర్దూలో ఒక కాగితం. ఏం రాశావని అడిగితే చదివి చెప్పాడు.

“లిఖ్తే వఖ్త్ ఉఠ్‌నా మనా హై. రాస్తుంటె లేవొద్దు. నువ్వు చెప్పిందే గదా భాయ్.”

ఆ కాగితం ఇవాళ కూడా అక్కడే ఉంది. అంచులు పసుపెక్కాయి. చించేద్దామని చెయ్యెత్తి, చించలేక వచ్చాను.

మేక సంగతి మీలో సగంమందికి గుర్తుండే ఉంటుంది. బక్రీద్ ముందు పక్కింటి మేక దుకాణంలో దూరి మాన్యువల్ నమిలేస్తోంది. భాయ్ కుర్చీలోంచే “హట్, హట్! అరే ఎవలన్న గుంజుండ్రి దీన్ని!” అని కేకలు. రెండడుగులు వేస్తే అందేది, వెయ్యలేదు. మేక ఇరవై పేజీలు తిని దర్జాగా పోయింది. మనం కడుపు పట్టుకుని నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

ఇప్పుడు అసలు సంగతి.

మేక వచ్చిన ఆ రోజు రాస్తున్నది కొత్త రకం బోర్డు. దానికి ఆ పద్ధతి అక్కర్లేదు. సగంలో కరెంటు పోయినా ఏం కాదు. మెమరీ కార్డు మళ్ళీ పెట్టి మొదటినుంచి మొదలుపెట్టడమే. మహా అయితే గంట దండగ.

ఆ విషయం నాకు అప్పటికే తెలుసు.

చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకోలేదు కూడా. “మూర్తి భాయ్ చెప్పిండు” అని నా మాటను గోడకు అంటించుకుని కూర్చున్న మనిషిని చూస్తే నాకు బాగుండేది. గురువుగారిలా ఉండేది. అంతే. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

అప్పటినుంచి ఐదేళ్ళు. వారానికి రెండుసార్లు వెళ్ళి ఆయన చాయ్ తాగాను. ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు.

నిన్నటి బోర్డూ ఆ కొత్త రకమే. ఒక క్లినిక్‌లో పేషెంట్ల నంబరు చూపించే డబ్బాది. వచ్చే వారం ఇచ్చినా పర్లేదన్నారట వాళ్ళు.

మధ్యాహ్నం భాభీ తాళం చెవి చేతిలో పెట్టింది. “ఆ బోర్డు తీస్కపో భయ్యా, నాకు కండ్ల ముందల ఉండొద్దు” అంది. కోపంగా లేదు ఆమె. చాయ్ తాగుతావా అని కూడా అడిగింది. నేను ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. ఇక్కడ ముందు రాసి, రేపు వెళ్ళి చెబుతాను. తిట్టినా కొట్టినా పడతాను.

దుకాణం తెరిచి ఆ బోర్డు ఆన్ చేశాను. ఒక్క ఎర్రర్ లేకుండా లేచింది. అంత శుభ్రంగా పని పూర్తిచేసి పోయాడు. నేలకేసి కొడదామనిపించింది. కొట్టలేదు. క్లినిక్‌లో ఇచ్చి వచ్చాను.

ఖలీల్ భాయ్, నీ మీద కూడా కోపమే. నా మాట అంతగా ఎందుకు విన్నావు? ఎవడు వినమన్నాడు?

రాయడం అయిపోయింది భాయ్. కరెంటు పోయినా ఫికర్ లేదు. ఇక కుర్చీ దిగు.

ఆ పైవాడు నీకు ప్రశాంతమైన చోటు ఇవ్వాలి. ఖుదా హాఫిజ్.