కొండ ముందు ఎనిమిది రోజులు

మా అత్తయ్య ఆసుపత్రి లాండ్రీలో ఇరవై తొమ్మిదేళ్లుగా దుప్పట్లు మడతపెడుతోంది. ఆవిడ చేతిలో పడితే మూడు స్వెట్టర్లు ఒక్క దిండు గలీబులో ఒదిగిపోతాయి. అలాంటి మనిషి ఉన్నట్టుండి స్విట్జర్లాండ్ వెళ్తానంది. అక్కడ కాఫీ తాగినా జేబు ఖాళీ అని చుట్టాలంతా బెదరగొట్టారు. ఆవిడ చెవిన పెట్టలేదు. బస్సు నడిపి రిటైరైన మామయ్యకు చూపు తగ్గిపోతోంది. ఏడాది దాటితే చెప్పలేనన్నారు కళ్ల డాక్టరు. మామయ్య జన్మలో నోరు తెరిచి అడిగిన కోరిక ఒకటే, మంచుకొండ చూడాలని.

వంటింటి బల్ల మీద పథకం తయారైంది. రద్దీ తగ్గే సెప్టెంబరు, పొయ్యి ఉన్న గది, పెట్టెలో బియ్యం, పప్పు, తాగడానికి కుళాయి నీళ్లు. అంతవరకూ బాగానే ఉంది. "అంత డబ్బు పోసి ఒక్క ఊరే చూసొస్తామా?" అంటూ ఎనిమిది రోజుల్లో నాలుగు ఊళ్లు ఇరికించింది. రెండుచోట్ల ఏడు నిమిషాల్లోనే రైలు మారాలి.

ఆవిడ ఏదైనా చేసి చూస్తేగానీ నమ్మదు. ఆదివారం సాయంత్రం మామయ్య భుజాలకు నిండు సంచి తగిలించి, మా మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగమంది. తను గడియారం పట్టుకుని కింద నిలబడింది. నేను నవ్వాపుకోలేకపోయాను.

రెండోసారి దిగుతూ మామయ్య చివరి మెట్టు చూసుకోలేదు. సంచితో సహా కూలబడ్డారు. దెబ్బ తగల్లేదు. "ఏమోయ్, రైలు వెళ్లిపోయిందా?" అన్నారు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

అత్తయ్య వెళ్లి ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. "తప్పు నాదేనండీ. ఊళ్లు చూసుకున్నాను గానీ మిమ్మల్ని చూసుకోలేదు," అంది.

మర్నాడే మూడు ఊళ్లు కొట్టేసింది. మిగిలిన ఊళ్లో గది యజమానికి నా చేత ఒకే ఒక్క ప్రశ్న రాయించింది, మంచం మీంచి కొండ కనిపిస్తుందా అని.

జవాబొచ్చింది. కనిపిస్తుందట, మబ్బు లేకపోతే. ఒక్కోసారి వారమంతా మబ్బేనట. "ఇంత కష్టపడి వెళ్లాక కనపడకపోతే ఎలా అత్తయ్యా?" అన్నాను.

"ఎనిమిది రోజులున్నాయిగా. ఆయన హాయిగా పడుకుంటారు, నేను కిటికీ దగ్గర కూర్చుంటా. మబ్బు విడిన క్షణం లేపుతా. నువ్వు గదికి డబ్బు కట్టెయ్."